మిషను కొంటే ఆదివారం దొరుకుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నా వయసు 34. వడ్రంగం మా ఇంటి వృత్తి. కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఫర్నిచర్ షాపుల్లో పనిచేశాను. కరోనా తర్వాత ఊరికి వచ్చి ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకొని తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తున్నాను. రెండేళ్ల కిందట బాప్తిస్మం తీసుకున్నాను. విశ్వాసంలో ఎదగాలని ఉంది, కానీ పని ఒత్తిడితో సగం ఆదివారాలు ఆరాధనకు పోలేకపోతున్నాను. టేబుల్ రంపం, చెక్కను నున్నగా చిత్రిక పట్టే ప్లేనర్, చెక్కలో గాళ్లు తీసే రౌటర్, పెద్ద డ్రిల్లు కొంటే పని తొందరగా తెమిలి ఆదివారం ఖాళీ దొరుకుతుందని ఆశ. అన్నీ కలిపి 1,80,000 రూపాయలు. ఒక ఫైనాన్స్ వాళ్లు 14 శాతం వడ్డీకి మూడేళ్ల వాయిదాల మీద ఇస్తామంటున్నారు. మా సంఘంలో ఒక పెద్దాయన ఇదంతా లోకాశ అన్నారు. ప్రస్తుతం మార్బుల్ కట్టర్‌ను తిరగేసి బల్లకు బిగించి కోతలు కోస్తున్నాను. మా అక్క కొడుకు, 16 ఏళ్లవాడు, సాయంగా ఉంటాడు. మరో మాట. మా అమ్మ బాప్తిస్మం తీసుకోలేదు. దసరాకు నాన్న పనిముట్లకు పూజ చేయాలంటుంది. ఏం చేయమంటారు?

సమాధానం: తమ్ముడూ, మీ ఉత్తరంలో దేవుని సంగతులు, డబ్బు సంగతులు చాలా ఉన్నాయి. వాటికంటే ముందు ఆ బల్ల కింద బిగించిన మార్బుల్ కట్టర్‌ను విప్పేయండి. ఈ సమాధానం చదవడం సగంలో ఆపి విప్పినా నాకు సంతోషమే.

ఐటీఐలో వడ్రంగం నేర్పిన రోజుల నుంచి ఆ ఏర్పాటు చూస్తూనే ఉన్నాను. రాళ్లు, టైల్స్ కోయడానికి చేసిన మిషను అది. చెక్క కోసే పళ్ల బ్లేడు పట్టడానికి రక్షణ తొడుగు తీసేస్తారు. వేలు ఆనించి ఉంచాల్సిన స్విచ్‌ను తీగతో కట్టేస్తారు. పలకను నెడుతూ ఉంటే సగం దాకా బాగానే తెగుతుంది. అక్కడికి వచ్చాక చెక్క లోపలి బిగువు సడలి, కోసిన చీలిక నోరు మూసుకోవడం మొదలవుతుంది. బ్లేడు వెనక వైపు పళ్లు కింది నుంచి పైకి లేస్తూ ఉంటాయి కదా, నోరు మూసుకున్న చెక్క ఆ పళ్లకు చిక్కిందంటే పలక ఎగిరి కోసేవాడి పొట్ట మీదికి వస్తుంది. ఆ అదురుకు నెడుతున్న చెయ్యి ముందుకు జారుతుంది. ఎక్కడికి జారుతుందో మీకు చెప్పనక్కరలేదు. కట్టేసిన స్విచ్‌ను విప్పే వ్యవధి కూడా ఉండదు. అసలైన టేబుల్ రంపంలో బ్లేడు వెనకనే సన్నని ఉక్కు రేకు ఒకటి నిలబడి ఉంటుంది. రైవింగ్ నైఫ్ అంటారు. చీలిక నోరు మూసుకోకుండా పట్టి ఉంచడమే దాని పని. మీ బల్లకు అది లేదు. అందుకే ఈ ఒక్క విషయంలో మాత్రం మీరు మిషను కొనడం లోకాశ కాదని ఎవరి ముందైనా అంటాను. యాంగిల్ గ్రైండర్‌కు చెక్క బ్లేడు వేసే అలవాటు ఉంటే దాన్నీ మానేయండి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం ఎప్పుడైనా చదివారా? కొత్త ఇల్లు కట్టినవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలని, ఎవడైనా పడి చస్తే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి వస్తుందని అక్కడ ఆజ్ఞ. ప్రసంగాల్లో ఈ వచనం వినబడడం అరుదు. చెక్కపనివాళ్ల షెడ్డులో గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన వచనం మాత్రం ఇదే. బ్లేడు మీది తొడుగు మీ షెడ్డుకు పిట్టగోడ.

మీ అక్క కొడుకు సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. వాడి చేత కొలతలు వేయించండి, ఇసుక కాగితం పట్టించండి, ఉలికి సాన పట్టడం నేర్పండి. 18 దాటే వరకు తిరిగే బ్లేడు దగ్గర నిలబెట్టకండి. వాడికి ఈ పని మీద నిజంగా మక్కువ ఉంటే ఐటీఐలో చేర్పించండి. చేసిన పనికి మాత్రం రోజువారీగానో వారంవారీగానో లెక్క కట్టి డబ్బు ఇవ్వండి. కూలివాడి కూలి తెల్లవారే దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19లో ఉంది. మేనల్లుడికి మినహాయింపు ఇచ్చినట్టు అందులో నాకు కనబడలేదు.

ఇక లోకాశ అన్న మాట. ఆ పెద్దాయన మీ మేలు కోరే అని ఉంటారు. కొత్త విశ్వాసులు అప్పుల్లో కూరుకుపోయి సంఘానికి దూరమవడం ఆయన చూసి ఉంటారు. కానీ నిర్గమకాండము 31 ఒకసారి తీయండి. ప్రత్యక్షపు గుడారం కట్టడానికి దేవుడు యూదా గోత్రపు బెసలేలును పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపానని చెప్పాడు. దేనికోసం? బంగారం, వెండి, ఇత్తడి పనికి, రాళ్లు చెక్కడానికి, కర్ర పనికి. యాజకుడి గురించీ ప్రవక్త గురించీ ఇంకా ఆ మాట అనకముందే పనిముట్లు పట్టే చేతుల గురించి అన్నాడు. ప్రసంగి 10:10లో మొద్దుబారిన ఇనుప పనిముట్టుకు పదును పెట్టకపోతే ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుందని ఉంది. మంచి పనిముట్టు కోరుకోవడంలో తప్పేమీ లేదు.

అయితే చాలామంది నిర్గమకాండము 31ని 11వ వచనం దగ్గర ఆపేస్తారు. 12 నుంచి చదవండి. పనివాళ్లకు అన్నీ అప్పగించిన వెంటనే దేవుడు విశ్రాంతి దినం గురించి చెప్పాడు. సాక్షాత్తూ తన గుడారం పని అయినా సరే, ఏడో రోజు ఆపాల్సిందే. 35వ అధ్యాయంలో ఈ వరస తిరగబడుతుంది. ముందు విశ్రాంతి దినం, ఆ తర్వాత బెసలేలు, అతని తోటి పనివాడు అహోలీయాబు. ఎటు నుంచి చదివినా ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. దేవుడి పనికే ఆ నియమం ఉన్నప్పుడు మీ ఊరి తలుపుల పనికి సడలింపు ఎక్కడ దొరుకుతుంది?

నా అనుమానం సూటిగా చెబుతాను. మిషను మీకు ఆదివారం తెచ్చి ఇవ్వదు. నాలుగు రోజుల పని రెండు రోజుల్లో అయితే మిగిలిన రెండు రోజుల్లోకి మరో రెండు బయానాలు వచ్చి కూర్చుంటాయి. పైగా నెలనెలా వాయిదా కట్టాలి గనుక వచ్చిన బయానా వద్దనే ధైర్యం కూడా పోతుంది. మీ ఆదివారాలను తింటున్నది పని నెమ్మదితనం కాదు, మీరు ఇస్తున్న తేదీలు. పెళ్లి ముహూర్తం ఉందనీ గృహప్రవేశం ఉందనీ ఎవరైనా వస్తే కాదనలేక ఒప్పుకుంటున్నారు. చేతిలో అడ్వాన్సు పడ్డాక పాత పని పక్కకు జరుగుతుంది. శనివారం నాటికి ఇద్దరు గుమ్మంలో నిలబడతారు, ఆదివారం వాళ్లకు పోతుంది. ఇది మీ ఉత్తరంలో లేదు. కానీ వడ్రంగుల ఇళ్లన్నీ నాకు తెలుసు.

కనుక మొదట కొనాల్సింది ఒక నోటు పుస్తకం. ఒప్పుకున్న ప్రతి పనికీ ఒక పేజీ. కర్ర వచ్చిన రోజు, కోత అయిన రోజు, చిత్రిక, బిగింపు, పాలిష్, డెలివరీ, అన్నీ రాయండి. ఒక నెల రాసి చూడండి. కోతకు పట్టిన సమయం కంటే కర్ర కోసం డిపో చుట్టూ తిరిగిన సమయం, ఇచ్చిన తలుపును మళ్లీ సరిచేయడానికి పోయిన సమయం ఎక్కువ కనబడవచ్చు. వానాకాలంలో తలుపు బిగుసుకుంది, మే నెలలో పలకల మధ్య సందు పడింది అని కబురు వస్తుంది కదా? మన నల్గొండ ఎండకు పచ్చి వేప, సరిగా ఆరని తుమ్మ ఎలా లాక్కుపోతాయో మీకు నేను చెప్పాలా? దానికి మందు పెద్ద రంపం కాదు, కర్రలో తేమ చూసే చిన్న మీటరు. రెండు ముళ్లు గుచ్చితే అంకె చూపిస్తుంది. మీ జాబితాలో ఉన్నవాటన్నిటికంటే చవక. తలుపు చెక్క 12 శాతం లోపుకు దిగితే గానీ బిగించకండి. తొందరపెట్టే గిరాకీకి ఆ అంకె చూపించండి. మాట కంటే అంకెను తొందరగా నమ్ముతారు.

తర్వాత తేదీ. పుస్తకం చూసి ఎన్ని రోజులు పడుతుందో లెక్క వేసి, ఆదివారాలు తీసేసి, కాస్త జాగా ఉంచి తేదీ చెప్పండి. చెప్పిన తేదీకి ఇవ్వండి. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండాలని మత్తయి 5లో ప్రభువు చెప్పినది వడ్రంగికి తగిలినంత సూటిగా ఇంకెవరికీ తగలదు. మన వృత్తి మీద లోకానికి ఉన్న మొదటి ఫిర్యాదే అది: ఇదిగో రేపు, అదిగో ఎల్లుండి. మీరు బాప్తిస్మం తీసుకున్న సంగతి మీ ఊరివాళ్లకు ఆదివారం చేతిలో బైబిల్ చూసి తెలుస్తుంది. ఆ బాప్తిస్మంతో మారిందేమిటో మాత్రం తలుపు చెప్పిన రోజుకు వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి లెక్క వేస్తారు. విశ్వాసంలో ఎదగడం ఎలా అని అడిగారు గనుక చెబుతున్నాను. మీకు ఆ ఎదుగుదల మొదలయ్యే చోటు ఇదే.

ఇప్పుడు మిషన్ల వరస. అన్నీ ఒకేసారి వద్దు. మీ పనిలో ఒంటిని ఎక్కువగా అరగదీసేది చిత్రిక గనుక చేతితో పట్టే ఎలక్ట్రిక్ ప్లేనర్ ముందు తీసుకోండి. చేతిలో డబ్బుతో కొనగలిగేంతలోనే వస్తుంది. రెండోది రైవింగ్ నైఫ్, బ్లేడు తొడుగు, చేత్తో కొడితే ఆగిపోయే పెద్ద స్విచ్ ఉన్న టేబుల్ రంపం. ఈ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఎంత చవకగా వచ్చినా వద్దు. అది వచ్చే దాకా పొడుగు కోతలు డిపోలోనే కోయించండి. చాలా డిపోల్లో చిత్రిక కూడా పట్టి ఇస్తారు. రౌటర్ ఏడాది ఆగగలదు. పెద్ద డ్రిల్లు దేనికో నాకు అర్థం కాలేదు, ఇప్పుడున్న దానితో ఏం ఇబ్బందో మీరు రాయలేదు.

డబ్బు దగ్గరికి వస్తే, ఆ 14 శాతం ఎలాంటి 14 శాతమో అడిగారా? ఫ్లాట్ వడ్డీ అయితే లెక్క ఇలా ఉంటుంది. 1,80,000 మీద ఏడాదికి 25,200, మూడేళ్లకు 75,600. మొత్తం 2,55,600. నెలకు 7,100. మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదనే పడుతూ ఉంటుంది. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే అది 24 శాతం దాటుతుంది. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని లూకా 14లో ప్రభువు అడిగింది ఇలాంటి కాగితం ముందు కూర్చున్నవాళ్లనే అనిపిస్తుంది నాకు.

మీకు వేరే దారి ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పేరు చూసి ఇది మనకు కాదనుకోకండి. అక్కడ చూసేది వృత్తిని, మతాన్ని కాదు. మీ దగ్గరి కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్‌తో పేరు నమోదు చేస్తారు. గ్రామ పంచాయతీ, జిల్లా స్థాయిల్లో పరిశీలన ఉంటుంది. ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, రోజుకు 500 రూపాయల భత్యం. పనిముట్లకు 15,000 రూపాయల వరకు వోచర్ ఇస్తారు. ప్లేనర్, తేమ మీటరు దాంతో తీరిపోవచ్చు. శిక్షణ అయ్యాక హామీ లేకుండా మొదటి విడత లక్ష వరకు రుణం, 5 శాతం వడ్డీకి, 18 నెలల గడువుతో. లక్ష తీసుకుంటే మొత్తం వడ్డీ నాలుగు వేల చుట్టుపక్కలే. ఆ 75,600 పక్కన దీన్ని పెట్టి చూడండి. అది సక్రమంగా తీర్చినవాళ్లకు రెండో విడత 2 లక్షల వరకు ఉంది. కుటుంబానికి ఒక్కరికే. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే రాదు. గత అయిదేళ్లలో ముద్ర లాంటి రుణం తీసుకొని ఇంకా తీర్చకుండా ఉన్నా రాదు. కాగితాల తిరుగుడుకు కొన్ని నెలలు పట్టవచ్చు. పట్టనివ్వండి. ఆ నెలల్లో నోటు పుస్తకం నిండుతుంది, మీకు ఏది కావాలో ఏది అక్కరలేదో తేలుతుంది.

దుమ్ము గురించి క్లుప్తంగా. చెక్క దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ముక్కు క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. రుమాలు చాలదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. ప్లేనర్ నడిపేటప్పుడు చెవులకు రక్షణ పెట్టుకోండి. ఆ చప్పుడు మీకొక్కరికే కాదు, పక్కింటివాళ్లకూ వినబడుతుంది. సొలొమోను మందిరం కట్టేటప్పుడు అక్కడ సుత్తి, గొడ్డలి చప్పుడు వినబడలేదని మొదటి రాజులు 6లో ఉంది. రాళ్లన్నీ గని దగ్గరే చెక్కి తెచ్చారట. మీకు ఆ వీలు లేదు గనుక కనీసం చీకటి పడ్డాక మిషను ఆపండి.

ఆ ఆపిన వేళే మీ వాక్యపు వేళ. రోజూ తెల్లవారుజామున గంట ప్రార్థన అని మొదలుపెట్టి వారంలో మానేసినవాళ్లను చాలామందిని చూశాను, మీకు ఆ సలహా ఇవ్వను. మిషను ఆపి, పొట్టు ఊడ్చి, పనిముట్లు తుడిచి పెట్టాక షెడ్డులోనే పావుగంట కూర్చోండి. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, రోజుకు సగం అధ్యాయం. 6వ అధ్యాయంలో సొంత ఊరివాళ్లు ప్రభువును వడ్లవాడు కాడా అని తీసిపారేసిన చోటికి వచ్చినప్పుడు కాసేపు ఆగండి. చదవడం కష్టమైతే ఫోనులో వినండి. చెవిలో పెట్టుకొని వింటూ మిషను మాత్రం నడపవద్దు, వాక్యమైనా సరే. భోజనం దగ్గర ఇంటివాళ్లందరితో ఒక కీర్తన, చిన్న ప్రార్థన. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు నల్గొండలో పని మొదలుపెట్టిన నాటి నుంచి మన వైపు సంఘాలను నిలబెట్టినవాళ్లలో చాలామంది పగలంతా కూలి చేసుకున్నవాళ్లే. రాత్రిళ్లు చెవితో విని కీర్తనలు నేర్చుకున్నారు.

ఆదివారం ఆరాధనకు మాత్రం ప్రత్యామ్నాయం చెప్పను. షెడ్డుకు తాళం వేసి వెళ్లండి. సంఘంలో విరిగిన బెంచీలు ఉంటాయి, ఉండని సంఘం లేదు. పాస్టరు గారిని అడిగి ఒక శనివారం సాయంత్రం అవి బాగుచేయండి, లోకాశ అన్న ఆ పెద్దాయననే పట్టుకోవడానికి పిలవండి. చెక్క అటు ఇటు పట్టుకున్నప్పుడు మనుషులు బాగా మాట్లాడుకుంటారు. ఆయన మీకు మంచి గురువు అవుతారేమో ఎవరికి తెలుసు. ఒక్కటి గుర్తుంచుకోండి. నిర్గమకాండము 36లో ప్రజలు కానుకలు తెస్తూనే ఉంటే, ఇక చాలని మోషేకు చెప్పింది పనివాళ్లే. బయానా చేతిలో పెడుతున్నవాడితో కూడా ఆ మాట అనడం అలవాటు చేసుకోండి.

చివరగా మీ అమ్మగారు. మీరు పూజలో కూర్చోలేరు, ఆ మాట మెత్తగా చెప్పండి, ఒక్కసారే చెప్పండి. కానీ నాన్నగారి బాడిశ, ఉలి, మూలమట్టం మీకు పనిముట్లయితే ఆమెకు అవి భర్త. ఆమె ఆ బాడిశకు బొట్టు పెడితే ఆమె ఎదుటే తుడిచేసి సాక్ష్యం చెప్పానని అనుకోకండి. మీ చేతనైనంత మట్టుకు అందరితో సమాధానంగా ఉండండని రోమా 12లో పౌలు రాశాడు. ఆ అందరిలో తల్లి ముందుంటుంది. నాన్నగారి పనిముట్లు కొన్ని ఆమె గదిలోనే ఉంచండి. దసరా రోజు షెడ్డు మూసి, మీ పనిముట్లన్నిటికీ సాన పట్టి నూనె రాయండి, సెలవు రోజుకు అది మంచి పనే. మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని భోంచేయండి. ప్రసాదం గురించి మనసులో సందేహం ఉంటే మొదటి కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు పాస్టరు గారితో కలిసి చదవండి, నేను ఇక్కడ రెండు ముక్కల్లో తేల్చేది కాదు.

టేబుల్ రంపం కొనే ముందు కరెంటు సంగతి చూసుకోవాలి. 2 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 9, 10 యాంపియర్ల దాకా లాగుతుంది, స్టార్టు అయ్యే క్షణంలో అంతకు అయిదారు రెట్లు. ఫ్యాను, ఫోను ఛార్జర్ పెట్టే ప్లగ్గుకు తగిలించే వస్తువు కాదు. మెయిన్ నుంచి షెడ్డుకు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 యాంపియర్ల సాకెట్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్, మంచి ఎర్తింగ్ కావాలి. ఎండాకాలంలో మన నేల ఎండి ఎర్తింగ్ పనిచేయదు, గుంటలో నీళ్లు పోస్తూ ఉండాలి. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే కేటగిరీ మారే విషయం మీ విద్యుత్ సెక్షన్ ఆఫీసులో ముందే అడగండి. మీ బిల్లు మీద లోడు ఎన్ని కిలోవాట్లని ఉందో, మెయిన్ నుంచి షెడ్డుకు ఎంత దూరమో రాసి పంపండి. వైరు సైజు మార్చాలో అక్కరలేదో అది చూసి చెబుతాను.